గోడమీద ఎర్ర సిలిండర్ అవసరానికి పనిచేయాలంటే: ఇంటికి, షాపుకి అగ్నిమాపక సామగ్రి సంరక్షణ మార్గదర్శి

మంటలార్పే సిలిండర్ గేజీలో ముల్లు పచ్చరంగు మీద ఉంటే సిలిండర్ బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. విజయవాడ, గుంటూరుల్లో ఇరవై ఏళ్ళుగా ఫైర్ సిలిండర్ల సర్వీసింగే నా పని. ముల్లు పచ్చరంగు మీదే ఉండి, తీరా నొక్కితే పనిచేయని సిలిండర్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

మొన్న వేసవిలో విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపుకి వెళ్ళాను. చీర కట్టిన బొమ్మ వెనకాల 6 కిలోల సిలిండర్ వేలాడుతోంది. దించబోతే క్లాంపు నుంచి ఊడి రాలేదు, తుప్పుతో అతుక్కుపోయింది. ఇద్దరం కలిసి లాగితే గానీ చేతికి రాలేదు. "ముల్లు పచ్చలోనే ఉంది కదండీ, పోయినేడాదే రీఫిల్ చేయించాం" అన్నారు ఓనరు గారు. లోపలి ప్రెషర్ వదిలేసి, తల (వాల్వు, హ్యాండిల్ ఉండే పైభాగం) విప్పి చూపించాను. పైన రెండు పిడికిళ్ళ పొడి మెత్తగానే ఉంది. దాని కింద అంతా వానకి తడిసిన సిమెంటు బస్తాలాగా గడ్డకట్టింది. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో పొడిచినా దిగలేదు. పొడిని పైకి తెచ్చే గొట్టం మూతి సరిగ్గా ఆ గడ్డలోనే ఇరుక్కుని ఉంది. మంట వచ్చిన రోజు హ్యాండిల్ నొక్కి ఉంటే కాసేపు గాలి బుస్సుమని ఆగిపోయేది, అంతే.

ముల్లు చెప్పేది లోపలి గాలి ఒత్తిడి ఒక్కటే. పొడి ఎలా ఉందో, గొట్టం తెరిచి ఉందో, అడుగున తుప్పు ఎంత తిన్నదో అది చెప్పదు. అవి తెలియాలంటే సిలిండర్‌ని కిందికి దించి, చేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఆ పని ఎవరికి వారే ఎలా చేసుకోవచ్చో, ఏది మాత్రం మీరు ముట్టుకోకూడదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: దించి చూడటం

నెలకి ఒకసారి ఐదు నిమిషాలు చాలు. నెల మొదటి ఆదివారం అనో, కరెంటు బిల్లు కట్టిన రోజు అనో ఒక గుర్తు పెట్టుకోండి.

ముందు సిలిండర్ దగ్గరికి నడిచి వెళ్ళండి. దారిలో అట్టపెట్టెలు, స్టూళ్ళు, ఇస్త్రీ బల్ల అడ్డం వస్తే ముందు వాటిని తీసేయాలి. మంట వచ్చినప్పుడు పొగలో వెతుక్కుంటూ వచ్చేది కూడా ఈ దారినే.

క్లాంపు నుంచి తీసి రెండు చేతులతో ఎత్తండి. తేలిగ్గా అనిపిస్తే అనుమానించండి. ఇంట్లో గ్యాస్ బండ తూచే స్ప్రింగు త్రాసు ఉంటే దానికి తగిలించి తూచండి. నిండు సిలిండర్ మొత్తం బరువు ఎంత ఉండాలో ఒంటిమీద స్టిక్కర్‌పై రాసి ఉంటుంది. పొడి సిలిండర్ అయితే నెమ్మదిగా తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకోండి. లోపల పొడి ఇసుకలా జరజరా జారుతున్నట్టు తెలియాలి. చప్పుడు లేకపోయినా, దబ్బున ఒక ముద్ద పడ్డట్టు అనిపించినా సర్వీసింగ్‌కి ఇచ్చేయండి.

అలా పట్టుకునే అడుగుభాగం చూడండి. చాలామంది మర్చిపోయేది ఇదే. తడి గచ్చు మీద నిలబెట్టిన సిలిండర్లకి తుప్పు అడుగు నుంచే మొదలవుతుంది. గోరుతో గీకితే పెచ్చులు ఊడుతుంటే దాన్ని ఇక నమ్మొద్దు. లోపల సుమారు 15 బార్ ఒత్తిడి ఉంటుంది, అంటే మోటార్ సైకిల్ టైరులో ఉండే గాలికి ఆరేడు రెట్లు. తుప్పు తిన్న రేకు అంత ఒత్తిడిని ఎప్పటికీ ఆపుతుందని ధీమా పడలేం.

తర్వాత బయటి గొట్టం. మూతి దగ్గర వేలు పెట్టి చూడండి. గుంటూరు అరండల్‌పేటలో ఒక ట్యూషన్ సెంటర్లో నాజిల్ నిండా కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. బయటికి చిన్న మట్టిబొట్టులా కనిపిస్తుంది గానీ లోపల వేలంత పొడవునా మట్టే. అలాంటి సిలిండర్ నొక్కితే పొడి మూతి నుంచి రాదు, గొట్టం కలిసే చోట చీల్చుకుని వస్తుంది.

చివరగా హ్యాండిల్ నొక్కుకుపోకుండా ఆపే పిన్ను, దానికి కట్టిన సన్నటి ప్లాస్టిక్ సీలు, ముల్లు. సీలు తెగి ఉంటే ఎవరో ఒకసారి నొక్కి ఉండొచ్చు. పొడి సిలిండర్‌ని ఒక్క సెకను నొక్కి వదిలినా మళ్ళీ నింపించాల్సిందే. వాల్వు కింద రబ్బరు మీద నాలుగు రేణువులు ఇరుక్కుంటే చాలు, అది పూర్తిగా మూసుకోదు. రోజుకింత గాలి కారిపోయి, రెండు మూడు వారాల్లో ముల్లు ఎరుపులోకి వచ్చేస్తుంది.

సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి ముల్లు ఉండదు. నల్లటి కొమ్ములాంటి వెడల్పాటి మూతి ఉండేది అదే. దాన్ని బరువుతోనే చూసుకోవాలి. ఖాళీ బరువు మెడ దగ్గర గుద్ది ఉంటుంది. ఆ బరువుకి లోపలి గ్యాస్ బరువు కలిపితే ఎంత రావాలో అంత రావాలి. గ్యాస్‌లో పదోవంతు తగ్గినా నింపించండి.

చూసిన తేదీని సిలిండర్ మెడకి కట్టిన ట్యాగు మీద పెన్నుతో రాయండి. షాపుల్లో ఈ పని ఒక్క మనిషికే అప్పగించండి. అందరి పని అంటే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఏ మంటకి ఏ సిలిండర్

కొత్తగా కొనేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోలది తీసుకోవాలండీ" అని. అంతకంటే ముందు అక్కడ తగలబడేది ఏమిటో చూసుకోవాలి.

కట్టె, బట్ట, కాగితం మంటలు ఏ తరగతి. పెట్రోలు, థిన్నరు, పెయింటు లాంటి ద్రవాలవి బీ. గ్యాస్ మంటలు సీ. ఈ మూడింటి మీదా పనిచేసేది ఏబీసీ పొడి. ఇంటికి 4 కిలోలది సరిపోతుంది. పెద్దవాళ్ళు ఎత్తలేరనుకుంటే 2 కిలోలవి రెండు తీసుకుని వేర్వేరు చోట్ల పెట్టుకోండి. షాపుకి 6 కిలోలది. పొడిలో అసలు మందు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. అది 50 శాతం ఉన్నదీ దొరుకుతుంది, 90 శాతం ఉన్నదీ దొరుకుతుంది. రేటు చూసి 50ది తీసుకునేవాళ్ళే ఎక్కువ. బట్టల షాపుకి, పుస్తకాల షాపుకి, ఫర్నిచర్ షాపుకి మాత్రం 90దే తీసుకోండి అని గట్టిగా చెబుతాను. అది కరిగి నిప్పుకణిక మీద పొరలా అతుక్కుంటుంది, మళ్ళీ రాజుకోనివ్వదు.

కరెంటు ప్యానెల్ దగ్గర, కంప్యూటర్లున్న గదిలో సీఓటూ గానీ క్లీన్ ఏజెంట్ (మడ్డి మిగల్చని గ్యాస్ రకం) గానీ పెట్టండి. పొడితో కూడా మంట ఆరుతుంది, కానీ ఆ పొడి తేమ పీల్చుకుని సర్క్యూట్లని తినేస్తుంది. చిన్న మూసిన గదిలో సీఓటూ వదిలితే గాలి ఆడదు, కాబట్టి వదిలిన వెంటనే బయటికి వచ్చేయాలి. వదిలేటప్పుడు కొమ్ము భాగాన్ని వట్టి చేత్తో పట్టుకోకూడదు, చర్మం అతుక్కుపోయేంత చల్లబడుతుంది.

హోటళ్ళు, మిర్చిబజ్జీల బండ్లు, కేటరింగ్ వంటశాలల్లో మరుగుతున్న నూనె మంట వేరే రకం. దానికి వెట్ కెమికల్ అనే సిలిండర్ ఉంది. అది నూనె మీద సబ్బు నురగలా పరుచుకుని చల్లారుస్తుంది. మామూలు పొడి కొడితే మంట ఆరినట్టే ఆరి, నూనె వేడికి మళ్ళీ భగ్గుమంటుంది.

గుంటూరు మిర్చి వ్యాపారుల కోసం ఒక మాట. కోల్డ్ స్టోరేజీలో గానీ గోడౌన్‌లో గానీ టిక్కీలకి (మిర్చి సంచులకి) నిప్పంటుకుంటే మంట సంచి లోపలికి పోయి కుములుతుంది. పొడి కొడితే పైమంట ఆరుతుంది, లోపలి నిప్పు ఆరదు. గంట తర్వాత మళ్ళీ రాజుకుంటుంది. అక్కడ పొడితో పాటు నీళ్ళు, అంటే హోస్ రీల్ (చక్రానికి చుట్టిన నీళ్ళ గొట్టం) తప్పనిసరిగా ఉండాలి. పత్తికీ, గోనెసంచులకీ ఇదే లెక్క. మిరపకాయ పొగలో మనిషి నిమిషం కూడా నిలబడలేడు. అందుకే అక్కడ సిలిండర్లు లోపల గుట్టల మధ్య కాకుండా గుమ్మాల దగ్గర ఉండాలి.

కొనేటప్పుడు ఒంటిమీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అనే నంబరు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరుని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. సిలిండర్ మీదున్న పేరూ అదీ ఒకటి కాకపోతే కొనకండి. తయారైన సంవత్సరం కూడా చూడండి. పొడి సిలిండర్ ఆయుష్షు 10 ఏళ్ళు, సీఓటూది 15 ఏళ్ళు. షాపులో మూడేళ్ళు పడున్న సిలిండర్ కొంటే ఆ మూడేళ్ళు మీకు నష్టమే.

ఎక్కడ తగిలించాలి

బయటికి వెళ్ళే దారిలో. ఇంట్లో అయితే వంటగది గుమ్మం బయట. పొయ్యి పక్కన పెడితే మంట దాటి వెళ్ళి అందుకోవాల్సి వస్తుంది. సిలిండర్ అడుగు నేల నుంచి ముప్పావు మీటరు ఎత్తులో ఉంటే ఆడవాళ్ళకైనా, పెద్దవాళ్ళకైనా అందుతుంది. షాపులో ఏ మూల నిలబడినా 15 మీటర్ల లోపు ఒక సిలిండర్ దొరకాలి.

మన ఎండల సంగతి మీకు తెలిసిందే. రోహిణి కార్తెలో పడమటి గోడ మీద ఎండ నేరుగా పడే చోట సిలిండర్ తగిలించకండి. ఎండకి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం రబ్బరు పగుళ్ళు పడుతుంది. పార్కింగులో పెట్టక తప్పకపోతే రేకు డబ్బా చేయించి అందులో పెట్టండి. ఆ డబ్బాకి తాళం మాత్రం వేయకండి.

రీఫిల్లింగ్ రోజున దగ్గరుండండి

మా వృత్తిలో జరిగే మోసం గురించి రాయకుండా ఉండలేను. కొందరు సిలిండర్లు పట్టుకెళ్ళి, గుడ్డతో తుడిచి, గాలి ఎక్కించి, కొత్త ట్యాగు కట్టి తెచ్చేస్తారు. లోపల పొడి పాతదే. వన్‌టౌన్ షాపులో జరిగింది కూడా అదే. ఆ ఓనరు గారు డబ్బు కట్టారు, బిల్లు ఉంది, ట్యాగు ఉంది, సిలిండర్ మాత్రం గడ్డ.

పని మీ కళ్ళ ముందే చేయమని అడగండి. ఆరేడు సిలిండర్లుంటే కనీసం ఒకటి రెండయినా మీరు ఎంచుకుని, మీ ముందే విప్పమనండి. పాత పొడిని ఒక గోనెసంచిలో పోయాలి. సిలిండర్ లోపల టార్చి వేసి తుప్పు చూడాలి. కొత్త పొడి సీలున్న సంచి నుంచి తీయాలి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. మంచి పొడి వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, ముద్దకట్టదు. త్రాసు మీద తూచి నింపాలి. తల దగ్గర రబ్బరు వాషరు కొత్తది వేయాలి, దాని ఖరీదు చాలా తక్కువ. తర్వాత నైట్రోజన్ ఎక్కించాలి. మామూలు కంప్రెసర్ గాలి ఎక్కిస్తే దానిలోని తేమే పొడిని గడ్డ కట్టిస్తుంది. చివర సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

మీరు లేనప్పుడు పని జరిగితే కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఇచ్చే ముందు తలకీ ఒంటికీ కలిసే చోట నెయిల్ పాలిష్‌తో ఒక నిలువుగీత గీయండి. విప్పి మళ్ళీ బిగిస్తే ఆ గీత సరిగ్గా కలవదు. గీత చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఆ సిలిండర్‌ని విప్పనే లేదు.

నింపడం వేరు, ప్రెషర్ టెస్టు వేరు. ఒంటిని నీటి ఒత్తిడితో పరీక్షించే ఆ టెస్టు పొడి సిలిండర్‌కి మూడేళ్ళకి ఒకసారి, సీఓటూకి అయిదేళ్ళకి ఒకసారి చేయించాలి. సంరక్షణకి సంబంధించిన ఐఎస్ 2190 ప్రమాణం ఇదే చెబుతుంది. టెస్టు చేసిన తేదీ రాసిన కాగితం అడిగి తీసుకోండి.

మీ అంతట మీరు తల విప్పే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒత్తిడి ఉండగా మరలు వదులైతే తల తూటాలా ఎగిరి మొహానికి తగులుతుంది.

ఇంకొక సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు, నీళ్ళు తీశాక జనం సిలిండర్లని కడిగి మళ్ళీ గోడకి తగిలించేశారు. వరద నీళ్ళలో మునిగిన సిలిండర్ బయటికి ఎంత శుభ్రంగా కనిపించినా పూర్తిగా విప్పించి చూడాలి. గేజీలోకి, గొట్టంలోకి, వాల్వు సందుల్లోకి బురద చేరుతుంది. ఎవరింట్లో అయినా అప్పటి సిలిండర్ ఇంకా అలాగే ఉంటే ఈ వారమే పంపించండి.

వంటగదిలో

ఫైర్ సిలిండర్ వాడే అవసరం రాకుండా చూసుకునేది ఇక్కడే. గ్యాస్ రబ్బరు ట్యూబు మీద సంవత్సరం ముద్రించి ఉంటుంది. పగుళ్ళు లేకపోయినా అయిదేళ్ళకి మార్చేయాలి. గ్యాస్ బండ తీసుకునేటప్పుడు పైన పట్టీల లోపలి వైపు ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డీ వరకు. బీ 27 అని ఉంటే 2027 జూన్ లోపు ఆ బండకి టెస్టు జరగాలి. గడువు దాటిన బండ వస్తే వెనక్కి ఇచ్చేయండి.

వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు, తలుపులు తెరవండి. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, వెయ్యడమే కాదు, ఆపడం కూడా వద్దు. గ్యాస్ గాలికంటే బరువు, నేలబారుగా పరుచుకుంటుంది. ఫ్యాన్ వేస్తే పోతుంది కదా అనుకుని స్విచ్చి వేసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఆ నంబరు గ్యాస్ లీకేజీల కోసమే ఉంది.

బాణలిలో నూనె అంటుకుంటే పొయ్యి ఆపి, పెద్ద మూతో పళ్ళెమో పక్క నుంచి జరుపుతూ మూసేయండి. చల్లారేదాకా తీయకండి. బాణలి ఎత్తుకుని సింకు దగ్గరికి పరిగెత్తకండి. నీళ్ళు అసలే వద్దు. ఒక గ్లాసు నీళ్ళు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి మండుతున్న నూనెని ఎగజిమ్మి పైకప్పు దాకా మంట లేపుతుంది.

ట్యూబు దగ్గర గ్యాస్ మండుతుంటే ముందు రెగ్యులేటర్ కట్టడానికే ప్రయత్నించాలి. గ్యాస్ ఆపకుండా మంట మాత్రమే ఆర్పితే గది నిండా గ్యాస్ పేరుకుని పేలుతుంది. రెగ్యులేటర్ దాకా చేయి పోదు అనిపిస్తే అందరినీ తీసుకుని బయటికి వచ్చేయండి.

కరెంటు, బ్యాటరీలు

ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) పక్కన ఉండే ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే పడిపోయేది) "టెస్ట్" అని చిన్న మీట ఉంటుంది. మూడు నెలలకోసారి నొక్కండి, టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించండి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాని బదులు పెద్దది వేయించుకునేవాళ్ళున్నారు. అది వైరు భరించలేక చెప్పే మాట, దాన్ని వినాలి.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో పడకగదిలో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి పెద్ద చనిపోయారు. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో ఇదే చెబుతున్నాను. బ్యాటరీని పడకగదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. అందరూ పడుకున్నాక అసలే పెట్టకండి. లిథియం బ్యాటరీ మంట తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పొడితో పైమంట తగ్గినా లోపల సెల్లులు ఒకటి తర్వాత ఒకటి అంటుకుంటూ పోతాయి. దానికి కావాల్సింది చల్లార్చడం, అంటే ధారగా చాలా నీళ్ళు. ఆ పని ఫైర్ సిబ్బందికి వదిలేసి మీరు తలుపు మూసి బయటికి రండి.

అపార్ట్‌మెంట్, కాంప్లెక్స్ పంపులు

మన రాష్ట్ర అగ్నిమాపక చట్టం కింద 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న నివాస భవనాలకి, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకి ఫైర్ శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఎన్‌ఓసీ వచ్చిన రోజు అన్నీ పనిచేస్తాయి. రెండేళ్ళ తర్వాత పంపు రూములోకి వెళ్తే ప్యానెల్ మీద స్విచ్చి "ఆఫ్"లో ఉంటుంది. జాకీ పంపు (లైనులో ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న పంపు) మాటిమాటికీ ఆన్ అవుతోందని, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఎవరో ఆపేసి ఉంటారు. పంపు ఊరికే ఆన్ అవదు, లైనులో ఎక్కడో నీళ్ళు కారుతుంటేనే అవుతుంది. ఆ లీకు బాగుచేయించి స్విచ్చిని "ఆటో"లో పెట్టాలి.

అసోసియేషన్ వాళ్ళు వారానికి ఒకసారి ఇలా చేయండి. ప్యానెల్లో అన్ని స్విచ్చులూ ఆటోలో ఉన్నాయో చూడండి. టెర్రస్ మీద హోస్ రీల్ తిప్పి నీళ్ళు వదలండి, కింద పంపు దానంతట అదే మొదలవ్వాలి. ఎవరో పరిగెత్తుకెళ్ళి ఆన్ చేయాల్సి వస్తే అది పనిచేయనట్టే లెక్క. డీజిల్ పంపుని స్టార్ట్ చేసి కాసేపు నడపండి. డీజిల్ పంపు మొరాయిస్తే నేను ముందు చూసేది బ్యాటరీ. నూటికి తొంభై సార్లు తప్పు అక్కడే ఉంటుందని నా అనుభవం.

మే నెలలో బోరు ఎండిపోయినప్పుడు ఫైర్ ట్యాంకులోని నీళ్ళు వాడుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఆ నీళ్ళు ముట్టుకోకూడదని తీర్మానం చేసి నోటీసు బోర్డులో పెట్టండి. అంతస్తుల్లో హోసులు, నాజిళ్ళు ఉండే ఎర్ర డబ్బాలు తెరిచి చూడండి. ఇత్తడి, గన్‌మెటల్ నాజిళ్ళు పాత ఇనుము వాళ్ళకి అమ్ముకోవడానికి ఎత్తుకుపోతుంటారు. గుడ్డ హోసులని ఎలుకలు కొరుకుతాయి. ఆరు నెలలకోసారి విప్పి, ఎండబెట్టి, మడతలు మార్చి చుట్టాలి.

మంట వేడికి పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ తలకాయలకి సున్నం, పెయింటు అంటనివ్వకండి. ఎర్ర గాజుబుడ్డి ఉన్నది 68 డిగ్రీల వేడికి పగులుతుంది. పెయింటు పొర ఉంటే పగలడం ఆలస్యమవుతుంది. పండగలకి వాటికి తోరణాలు కట్టేవాళ్ళని కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

పొగ, దారి

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. పొగకి తట్టుకోలేక పై అంతస్తుల నుంచి దూకినవాళ్ళున్నారు. ఆ ఉదయం తర్వాత నేను ఏ భవనంలోకి వెళ్ళినా సిలిండర్ల కంటే ముందు మెట్లు చూస్తున్నాను. మెట్లదారిలో చెప్పుల స్టాండ్లు, సైకిళ్ళు, పాత మంచాలు ఉండకూడదు. మెట్లకి తలుపు ఉంటే అది మూసే ఉంచాలి. రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచితే మెట్లదారే పొగగొట్టం అవుతుంది. ఇంటి గ్రిల్ తాళం చెవి అందరికీ తెలిసిన మేకుకే వేలాడాలి.

నిద్రలో మనకి వాసన తెలియదు. పొగతో మెలకువ వస్తుందనుకోవడం పొరపాటు. బ్యాటరీతో నడిచే చిన్న స్మోక్ అలారం ఒకటి పడకగదుల బయట పైకప్పుకి బిగించండి. నెలకోసారి మీట నొక్కి మోగుతుందో లేదో చూడండి, దుమ్ము దులపండి.

మంట వచ్చిన క్షణంలో

ముందు కేక వేసి అందర్నీ లేపండి, ఒకరిని 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయమనండి. ఆ తర్వాతే సిలిండర్. మంట మీ నడుము ఎత్తు లోపు ఉండి, మీ వీపు వెనక బయటికి దారి ఉంటేనే ప్రయత్నించండి. లేకపోతే తలుపు మూసి వచ్చేయండి.

పిన్ను లాగేటప్పుడు హ్యాండిల్ పై మీటని నొక్కి పట్టుకోకూడదు. కంగారులో అందరూ చేసే తప్పు ఇదే. నొక్కి పట్టుకుంటే పిన్ను బిగుసుకుపోతుంది, ఎంత లాగినా రాదు. సిలిండర్‌ని నేల మీద పెట్టి, పిన్నుని కొంచెం మెలితిప్పితే సీలు తెగుతుంది, అప్పుడు లాగండి. రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, గాలి మీ వెనక నుంచి వీచేలా చూసుకుని, నాజిల్‌ని మంట మొదలుకి గురిపెట్టండి. పైకి ఎగిసే నాలుకలకి కాదు. నొక్కి, ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పండి. మీ చేతిలో ఉన్నది పది పదిహేను సెకన్ల పొడి మాత్రమే. అది అయిపోయాక మంట ఇంకా ఉంటే ఆగకండి, బయటికి.

ఒంటి మీది బట్టలకి నిప్పంటుకుంటే పరిగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్ళు పోయండి. పేస్టు, ఇంకు, పసుపు రాయకండి.

ఒకసారి నొక్కి చూడటం

రీఫిల్లింగ్ గడువు దగ్గరపడ్డ సిలిండర్‌ని నేరుగా సర్వీసింగ్‌కి పంపకండి. ముందు దాంతో ఇంట్లోవాళ్ళ చేత, షాపులో పనిచేసేవాళ్ళ చేత ఒకసారి నొక్కించండి. బ్రాడీపేటలో మా అమ్మ చేత టెర్రస్ మీద ఇలాగే చేయించాను. "పిన్ను ఇటు తిప్పాలా, అటా?" అని రెండుసార్లు అడిగింది, మూడోసారి తనే లాగింది. నొక్కగానే వచ్చిన చప్పుడుకి ఉలిక్కిపడి వదిలేసింది. "ఇంత మోత చేస్తుందని ముందే చెప్పొద్దూ" అని కసిరింది. మళ్ళీ తీసుకుని తులసికోట పక్కన పెట్టిన ఖాళీ డబ్బా తెల్లబడేదాకా కొట్టింది. ఆ ఉలికిపాటు టెర్రస్ మీదే అయిపోవాలి.

చేసే ముందు పక్కింటివాళ్ళకి చెప్పండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆరేసిన బట్టలు తీసేయండి. పడ్డ పొడిని చీపురుతో పొడిగానే ఊడ్చి సంచిలో వేయండి, నీళ్ళు పోస్తే గచ్చుకి అంటుకుంటుంది. ఖాళీ అయిన సిలిండర్‌ని తిరిగి గోడకి తగిలించకుండా ఆ సాయంత్రమే రీఫిల్లింగ్‌కి ఇచ్చేయండి. తల దగ్గర నెయిల్ పాలిష్ గీత గీయడం మర్చిపోవద్దు.